‘రేపట్నించి రావొద్దు’ అన్న రోజు

ఉద్యోగం పోయిన మనిషి మొదట వెతుక్కునేది తన తప్పునే. మొన్న ఆలస్యంగా వెళ్లానా, మేస్త్రీ ముందు గట్టిగా మాట్లాడానా, పోయిన నెల రెండు రోజులు రాకపోవడమే కొంప ముంచిందా అని రాత్రంతా తవ్వుకుంటాడు. ఇంట్లో చెప్పడానికి మొహం చెల్లదు. మర్నాడు మామూలుగానే టిఫిను డబ్బా పట్టుకుని బయల్దేరి, పొద్దుపోయేదాకా ఎక్కడో కూర్చుని తిరిగొచ్చే వాళ్లున్నారు. ఈ అధ్యాయం వాళ్ల కోసం రాస్తున్నాను. తప్పు ఎవరిదో తేల్చడానికి ఒక పద్ధతి ఉంది, దానికి అధికారులున్నారు, న్యాయస్థానాలున్నాయి. ఆ విచారణ మీ మీద మీరే అర్ధరాత్రి కూర్చుని జరుపుకోకండి. ఆ రాత్రి చేయాల్సిన పని వేరే ఉంది.

మట్మారి సంగతే తీసుకుందాం. మంత్రాలయం రోడ్డు స్టేషను వదిలి, తుంగభద్ర వంతెన దాటి రాయచూరు వెళ్లే రైలు దారిలో ఉంటుంది ఆ ఊరు. 1956 దాకా రాయచూరు జిల్లా హైదరాబాద్ రాష్ట్రంలోదే. ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడ అక్కడ చాలామందికి అలవాటైన బతుకు. చుట్టుపక్కల జీతానికో కూలికో పని దొరికే చోట్లంటే రాయచూరు పత్తి జిన్నింగ్ మిల్లులు, రైస్ మిల్లులు, శక్తినగర్ థర్మల్ స్టేషన్లో కాంట్రాక్టు పనులు. ఇంకాస్త దూరం పోతే హట్టి బంగారు గని.

అలా మట్మారి నుంచి ఒక జిన్నింగ్ మిల్లుకు ఆరేళ్లుగా వెళ్తున్న ఆడమనిషి ఉందనుకోండి. ఒక సోమవారం మేస్త్రీ గేటు దగ్గరే ఆపి, “అక్కా, నిన్ను వద్దంటున్నారు సేటు. రేపట్నించి రావొద్దు” అంటాడు. కాగితం లేదు, కారణం లేదు. వారం కూలి బాకీ ఉంది. ఆమె మారు మాట్లాడకుండా వెనక్కి తిరుగుతుంది. ఆర్నెల్ల తర్వాత ఎవరో చెబితే లేబర్ ఆఫీసు మెట్లెక్కుతుంది. అప్పుడు మిల్లు తరఫు మనిషి వచ్చి చెప్పే జవాబు ఒకటే: “మేం తీసేయలేదు సార్. ఆమే మానేసింది.”

పనిలోంచి తీసేసిన కేసుల్లో యజమానులు ఎక్కువగా పట్టుకునే వాదన ఇదే. దీనికి విరుగుడు ఆ సోమవారం నాడే ఆమె చేతిలో ఉంది. ఆర్నెల్ల తర్వాత లేదు.

సుప్రీంకోర్టు 1993 మే 7న ఇచ్చిన డి.కె.యాదవ్ తీర్పు ఈ సంగతి మీదే వచ్చింది. 1980 డిసెంబరు 3 నుంచి యాదవ్ ఎనిమిది రోజులకు మించి చెప్పకుండా రాలేదు కాబట్టి ఉద్యోగం దానంతటదే పోయింది అని కంపెనీ డిసెంబరు 12న ఉత్తరం ఇచ్చింది. కంపెనీ స్టాండింగ్ ఆర్డర్లలో, అంటే పని నియమాల్లో, అలాంటి నిబంధన ఉంది కూడా. కార్మికుడు చెప్పింది పూర్తిగా వేరు. నేను రోజూ వచ్చాను, గేటు దగ్గరే ఆపేశారు, హాజరు పుస్తకంలో సంతకం పెట్టనివ్వలేదు అన్నాడు. నిబంధన ఉన్నా సరే, ఆ మనిషి మాట వినకుండా, విచారణ లేకుండా ఉద్యోగం తీసేయడం చెల్లదని కోర్టు చెప్పింది. బతుకుతెరువును తీసేసే పద్ధతి న్యాయంగా ఉండాలి అన్న ఆ తీర్పును రాసింది ఆంధ్ర నుంచి వెళ్లిన న్యాయమూర్తి కె.రామస్వామి. కార్మికుడిని మళ్లీ పనిలోకి తీసుకోమన్నారు, పోయిన కాలానికి సగం జీతం ఇమ్మన్నారు. పదమూడేళ్లు పట్టింది. అన్నేళ్లూ ఆయన తన మాట మార్చలేదు: నేను మానలేదు, నన్ను రానివ్వలేదు.

కాబట్టి గేటు దగ్గర ఆపిన రోజే ఆ మాటను కాగితం మీద పెట్టండి. పెద్ద వకీలు భాష అక్కర్లేదు. “ఈ రోజు పొద్దున ఎనిమిది గంటలకు పనికి వచ్చాను. ఫలానా మేస్త్రీ గేటు దగ్గర ఆపి, రేపటి నుంచి రావద్దని చెప్పారు. కారణం చెప్పలేదు. నేను పని మానలేదు, పనికి సిద్ధంగా ఉన్నాను. నన్ను పనిలోకి తీసుకోండి. లేదా కారణం రాసివ్వండి. రావలసిన కూలి ఇవ్వండి.” తేదీ వేసి, సంతకం పెట్టి, ఒక ఫొటో తీసుకుని స్పీడ్ పోస్టులో పంపండి. రసీదు జాగ్రత్త చేయండి. అదే ఫొటో మేనేజరు వాట్సాప్‌కు కూడా పంపండి. తెలుగులో రాసినా పరవాలేదు, కన్నడ రాయగలిగిన పిల్లలు ఇంట్లో ఉంటే మరీ మంచిది. ఆ రాత్రి మీరు చేయాల్సిన పని ఇదొక్కటే. మిగతావన్నీ రేపు.

ఇక రెండో విషయం, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది: మీరు అక్కడ పనిచేశారని రుజువు. నవ్వకండి. ఆరేళ్లు చెమటోడ్చిన మనిషిని “మీరెవరో మాకు తెలియదు” అనే యజమానులుంటారు. ఏడాదిలో 240 రోజులు పనిచేసిన కార్మికుడిని ఊరికే తీసేయడానికి వీల్లేదు. గనిలో, భూమి అడుగున పనిచేసేవారికైతే 190 రోజులు చాలు, హట్టి వాళ్లు గుర్తుంచుకోవాలి. ఆదివారాలు, జీతంతో కూడిన సెలవులు కూడా ఈ లెక్కలోకి వస్తాయని 1985లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ ఉద్యోగుల కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. చాలామందికి ఇది తెలియక, హాజరు రోజులు మాత్రమే లెక్కేసుకుని, చాలవని ఊరుకుంటారు.

కానీ ఆ 240 రోజులు రుజువు చేయాల్సింది ఎవరు? ఇక్కడే కర్ణాటక నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన రెండు కేసులు పక్కపక్కన పెట్టి చదవాలి. 2002లో అటవీ శాఖకు సంబంధించిన హడిమని కేసులో కోర్టు కఠినంగా మాట్లాడింది. నేను 240 రోజులు చేశాను అని కార్మికుడు అఫిడవిట్ ఇస్తే చాలదు, జీతం అందుకున్న రసీదో, నియామక పత్రమో, ఏదో ఒకటి చూపించాలి, చూపే భారం అతనిదే అంది. కార్మికుడు ఓడిపోయాడు. మూడేళ్ల తర్వాత 2005లో ఎల్లట్టి కేసు వచ్చింది. ఆయన కూడా దినకూలీయే, ఒక అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు కార్యాలయం కింద పనిచేశాడు. భారం కార్మికుడిదేనని ఈసారీ కోర్టు ఒప్పుకుంది. అయితే దినకూలీల చేతికి నియామక పత్రాలు, జీతం చీటీలు ఎవరూ ఇవ్వరన్న వాస్తవాన్ని కూడా ఒప్పుకుంది. కార్మికుడు బోనులోకి వచ్చి సాక్ష్యం చెప్పాలి, మస్టరు రోళ్లు తెప్పించమని యజమానిని అడగాలి, అంతే అతను చేయగలిగింది అంది. ఎల్లట్టికి అక్కరకొచ్చిన ఇంకొకటి ఉంది. ఎన్ని రోజులు పనిచేశాడో చూపే ధ్రువపత్రం ఒకటి ఆ కార్యాలయం నుంచే ఆయన చేతికి వచ్చి ఉంది. ఆయన గెలిచాడు.

ఇద్దరూ ఎండలో పనిచేసినవాళ్లే. ఒకరి దగ్గర కాగితం ఉంది, ఒకరి దగ్గర లేదు. ఇది న్యాయమా అంటే, నాకు న్యాయంగా కనిపించదు. హాజరు పుస్తకం యజమాని బీరువాలో ఉన్నప్పుడు రుజువు కూలివాడి మీద పెట్టడం బలహీనుడి నెత్తిన రెండో బరువు పెట్టడమే. కానీ రేపు మీరు నిలబడేది ఆ చట్టం ముందే. అందుకే కాగితం పోగుచేయడం పని ఉన్నప్పుడే మొదలుపెట్టాలి. బ్యాంకు ఖాతాలో పడిన జీతం, పీఎఫ్ పాస్‌బుక్, ఈఎస్ఐ కార్డు, గేటు పాసు, పండక్కి ఇచ్చిన బోనసు చీటీ, “రేపు నైట్ షిఫ్టు” అని సూపర్వైజరు పంపిన వాయిస్ మెసేజ్, యూనిఫాంలో తీసుకున్న ఫొటో, నెలవారీ రైలు సీజన్ టికెట్లు. ఏదీ ఒక్కటిగా గెలిపించదు, అన్నీ కలిస్తే కాదనడం కష్టమవుతుంది. చేతికే కూలి ఇచ్చే చోటైతే చిన్న నోటు పుస్తకంలో రోజూ తేదీ, పని, ఇచ్చిన డబ్బు రాసుకోండి. పక్కన పనిచేసే ఇద్దరి పేర్లు కూడా. రోజూ రాసిన పుస్తకానికీ, కేసు కోసం ఒక్క రోజు కూర్చుని రాసిన పుస్తకానికీ తేడా చూసేవారికి ఇట్టే తెలిసిపోతుంది.

చట్టం ఏం ఇస్తుందో ఇప్పుడు చూద్దాం. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం మన తాతల కాలం నుంచి ఉంది. 2025 నవంబరు 21న నాలుగు కొత్త కార్మిక స్మృతులు అమల్లోకి వచ్చాయి, పాత చట్టం పారిశ్రామిక సంబంధాల స్మృతిలో కలిసింది. ఒక ముఖ్యమైన హక్కు అలాగే నిలిచింది. 1965 దాకా ఒక్క మనిషిని తీసేస్తే యూనియనో తోటి కార్మికులో భుజాన వేసుకుంటే తప్ప అది వివాదమే కాదు. ఆ ఏడాది చేసిన సవరణతో ఒంటరి మనిషి ఫిర్యాదు కూడా వివాదమైంది. యూనియన్ లేదని, మీ వెనక ఎవరూ లేరని వెనక్కి తగ్గకండి. రాయచూరు కార్మిక శాఖ కార్యాలయానికి మీరొక్కరే వెళ్లి అర్జీ ఇవ్వొచ్చు. అధికారి ఇద్దరినీ పిలిచి రాజీ ప్రయత్నిస్తాడు, కుదరకపోతే ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. పాత చట్టంలో దీనికి మూడేళ్ల గడువుండేది, కొత్త స్మృతిలో రెండేళ్లు దాటితే రాజీ అధికారి చేపట్టడు. రెండేళ్లుంది కదా అని ఆగకండి. మొదటి నెలలోనే వెళ్లినవాడి మాటకూ, ఏడాది తర్వాత వెళ్లినవాడి మాటకూ విలువ ఒకటి కాదు.

డబ్బు లెక్క కూడా తెలియాలి. మన మట్మారి మనిషి కూలి రోజుకు 500 అనుకుందాం. పని తగ్గిందని తీసేస్తే ఒక నెల ముందు నోటీసు గానీ నెల జీతం గానీ ఇవ్వాలి. పూర్తయిన ప్రతి ఏడాదికీ 15 రోజుల జీతం పరిహారం, అంటే ఆరేళ్లకు 45,000. ఐదేళ్లు దాటింది కాబట్టి గ్రాట్యుటీ వేరే, అది ఇంకో 45,000. బాకీ కూలి రెండు పనిదినాల్లో చేతిలో పెట్టాలని వేతనాల స్మృతి చెబుతోంది. అంటే మేస్త్రీ ఒక్క మాటతో గేటు మూసినప్పుడు ఆమె నుంచి పోతున్నది వారం కూలి కాదు, లక్షకు దగ్గరగా వెళ్లే మొత్తం. ఆ అంకె తెలిసిన మనిషి నిలబడే తీరే మారుతుంది.

సంతకం దగ్గర మాత్రం బండరాయిలా ఉండండి. బాకీ కూలి ఇస్తామని పిలిచి, కన్నడలోనో ఇంగ్లీషులోనో టైపు చేసిన కాగితం ముందు పెడతారు. అందులో మీరే రాజీనామా చేసినట్టు, అన్ని బాకీలూ ముట్టినట్టు ఉండొచ్చు. చదవలేని కాగితం మీద సంతకం పెట్టకండి. ఫొటో తీసుకుంటాను, ఇంట్లో చదివించి రేపొస్తాను అనండి. తప్పనిసరైతే సంతకం పక్కనే మీ చేత్తో తెలుగులో “డబ్బు మాత్రం అందుకున్నాను, పని మానడానికి ఒప్పుకోలేదు” అని రాసి తేదీ వేయండి. ఖాళీ కాగితం మీదైతే ఏ పరిస్థితిలోనూ వద్దు.

వివక్ష సంగతి ఇంతకన్నా క్లిష్టం. కారణం చెప్పకుండా తీసేసినప్పుడు చెప్పలేని కారణం ఏదో ఉండొచ్చు. ఆమె గర్భవతి అయింది. అతను కులం పేరుతో తిట్టిన సూపర్వైజరుకు ఎదురు చెప్పాడు. ఆమె చెయ్యి పట్టుకున్న వాడి మీద ఫిర్యాదు చేసింది. వీటికి మన దేశంలో ఒకే గొడుగు లాంటి చట్టం లేదు, ప్రైవేటు యజమాని విషయంలో ఒక్కో గాయానికి ఒక్కో చట్టం వెతకాలి. ప్రసూతి సెలవులో ఉన్న ఆడమనిషిని తీసేయడం చట్టవిరుద్ధం. ఈ రక్షణ పర్మనెంటు ఉద్యోగినులకే అనుకునేవారు. ఢిల్లీలో మస్టరు రోలు మీద రోడ్డు పనులు చేసే ఆడవాళ్లకు కూడా ఇది వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2000 మార్చి 8న చెప్పింది. లైంగిక వేధింపులకు 2013 చట్టం ఉంది, ఘటన జరిగిన మూడు నెలల్లో ఫిర్యాదు ఇవ్వాలి, పది మంది కంటే తక్కువ ఉన్న చోట పనిచేసేవారు జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్లాలి. నలుగురి ముందు కులం పేరుతో దళితులను, గిరిజనులను అవమానిస్తే 1989 చట్టం కింద పోలీసు కేసు. ఒకే పనికి మగవాడికి ఎక్కువ, ఆడదానికి తక్కువ కూలి ఇస్తే వేతనాల స్మృతి ఒప్పుకోదు. దారులు వేరు, గడువులు వేరు. ఒక దారిలో వెళ్తూ ఇంకో దారి గడువు దాటబెట్టుకోకండి.

వివక్షను రుజువు చేయడానికి నేను అందరికీ చెప్పే ప్రశ్న ఒకటే. మీరు చేశారంటున్న అదే తప్పు ఇంకెవరు చేశారు, వాళ్లకేమైంది? రెండు రోజులు రానందుకు మిమ్మల్ని తీసేశారు, నాలుగు రోజులు రాని మేస్త్రీ బంధువు ఇంకా పనిలో ఉన్నాడు. ఈ పోలికను తేదీలతో రాసిపెట్టుకోండి. ఏడుపు కన్నా అధికారి ముందు ఇది బలంగా పనిచేస్తుంది.

ఐరోపాలో ఈ పోలికే కేసుల్ని నడిపిస్తుంది. ఐరోపా యూనియన్ 2000లో తెచ్చిన రెండు ఆదేశాల ప్రకారం, జాతి, మతం, వయసు, వైకల్యం లాంటి కారణాలతో వివక్ష జరిగిందని అనుమానించదగ్గ సంగతులు ఉద్యోగి చూపిస్తే చాలు. ఆపైన అది వివక్ష కాదని నిరూపించుకునే భారం యజమానిది. హడిమని కేసు చదివిన మనకు ఆ తేడా ఎంత విలువైందో అర్థమవుతుంది. మన ఊళ్ల నుంచి చదువులకు, ఉద్యోగాలకు అక్కడికి వెళ్లిన పిల్లలు ఇంకో సంగతి తెలుసుకోవాలి. హక్కులు బలంగా ఉన్న చోట గడువులు పొట్టిగా ఉంటాయి. జర్మనీలో ఉద్యోగం తీసేస్తున్నట్టు సంతకంతో కాగితం మీద ఇవ్వాలి, నోటిమాట చెల్లదు, ఈమెయిలూ చెల్లదు. అంత రక్షణ ఉన్నా, ఆ కాగితం అందిన మూడు వారాల్లో కోర్టుకు వెళ్లకపోతే తీసివేత సరైనదైనట్టే. ఐర్లండులో సాధారణంగా ఆరు నెలలు. వీసా పోతుందేమోనన్న భయంతో మూడు వారాలూ గదిలో కూర్చుంటే, తిరిగి రాని హక్కు పోతుంది.

బ్రిటన్లో టిర్కీ కేసును ప్రతి తెలుగు ఇంట్లో చెప్పుకోవాలి. బీహారు నుంచి టిర్కీ అనే ఆదివాసీ స్త్రీని ఒక భారతీయ కుటుంబం ఇంటి పనికి మిల్టన్ కీన్స్‌కు తీసుకెళ్లింది. నాలుగేళ్లకు పైగా నేల మీద పరుపు వేసుకుని పడుకుంటూ, వారంలో ఏ రోజూ సెలవు లేకుండా రోజుకు 18 గంటలు పనిచేసింది. పాస్‌పోర్టు యజమానుల దగ్గరే ఉంది. తన కులం తక్కువదని చూసే తనను ఈ పనికి తెచ్చారని ఆమె ఫిర్యాదు చేస్తే, ఈ దేశ చట్టంలో కులం అన్న మాటే లేదు, కొట్టేయండి అని యజమానులు వాదించారు. జాతి మూలాలు అన్న మాటలో కులం కూడా ఇమిడే అవకాశం ఉందని 2014 డిసెంబరులో అప్పీలు ట్రిబ్యునల్ ఆ వాదనను తోసిపుచ్చింది. మరుసటి ఏడాది, కనీస వేతనం ఇవ్వనందుకు 1,83,773 పౌండ్లు ఆమెకు చెల్లించాలని ట్రిబ్యునల్ తీర్పిచ్చింది. ఆమె దగ్గర ఆ దేశపు భాష లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది, తన తరఫున వాదించేవారిని వెతుక్కుంది.

మళ్లీ మన దగ్గరకొస్తే, కేసు వేసిన ప్రతివాడూ మళ్లీ తన పాత పనిలో చేరతాడని నేను మాటివ్వను. దినకూలీల విషయంలో మళ్లీ పనిలోకి తీసుకోమనడం కన్నా ఏకమొత్తంగా పరిహారం ఇప్పించడం వైపే కొన్నేళ్లుగా కోర్టులు మొగ్గుతున్నాయి. గౌరవంగా ఒక మొత్తం చేతికి వస్తే రాజీ పడటంలో ఓటమి లేదు, లెక్క మీకు తెలిసి ఉండాలంతే. ప్రభుత్వ శాఖల్లో ఏళ్ల తరబడి తాత్కాలికంగా పనిచేస్తున్న వాళ్లకు మాత్రం కొత్త ఆశ ఉంది. తాత్కాలికంగా పనిచేసినంత మాత్రాన పర్మనెంటు చేయమని అడిగే హక్కు రాదన్న తీర్పు, 2006లో కర్ణాటక నుంచే వెళ్లిన ఉమాదేవి తీర్పును చూపించి వాళ్లను పక్కకు నెట్టడం మామూలైపోయింది. శాశ్వత స్వభావం ఉన్న పనిని ఏళ్లకేళ్లు తాత్కాలికం పేరుతో చేయించుకుని, ఆ తీర్పును అడ్డం పెట్టుకోవడం కుదరదని 2024 డిసెంబరులో జగ్గో కేసులో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది.

కేసు నడుస్తున్నప్పుడు వేరే పని దొరికితే చేయండి, పిల్లలు తినాలి. ఆ సంపాదన దాచకండి. అక్రమంగా తీసేశారని తేలితే పోయిన కాలం జీతం ఇవ్వడమే మామూలు నియమం అని 2013లో దీపాలీ సుర్వసే తీర్పు చెప్పింది. కాకపోతే ఆ మధ్యకాలంలో తనకు సరైన సంపాదన లేదని ఉద్యోగి మొదట తన అర్జీలో చెప్పుకోవాలి. దాచింది బయటపడితే మీ నిజం కూడా అబద్ధంగా కనిపిస్తుంది. ప్రైవేటు బడి టీచర్లు ఇంకొకటి గమనించాలి. 1988 నాటి తీర్పు ప్రకారం పాత చట్టంలో టీచరు ‘వర్క్‌మన్’, అంటే ఆ చట్టం కిందికొచ్చే కార్మికుడు, కాదు. కర్ణాటకలో వాళ్లకు విద్యా చట్టం కింద వేరే అప్పీలు ట్రిబ్యునల్ ఉంది, అక్కడ గడువు మూడు నెలలే. లేబర్ ఆఫీసు చుట్టూ తిరుగుతూ ఆ మూడు నెలలు పోగొట్టుకోవద్దు.

ఇంట్లో చెప్పండి. ఇది చట్టం సలహా కాదు, కానీ చట్టం పనిచేయాలంటే ఇది కావాలి. దాచిపెట్టిన మనిషి ఉత్తరం రాయలేడు, రసీదు ఇంటికి తెచ్చుకోలేడు, సాక్షిని పిలవలేడు.

వకీలుకు డబ్బెక్కడిది అని ఆగిపోకండి. ఆడవాళ్లకు, దళితులకు, గిరిజనులకు, పరిశ్రమల్లో పనిచేసే కార్మికులకు 1987 చట్టం ప్రకారం న్యాయ సహాయం ఉచితం, ఆదాయం ఎంత అని కూడా అడగరు. రాయచూరు జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవల ప్రాధికారానికి వెళ్లండి. లేదా 15100కు ఫోన్ చేయండి. ఆ నంబరు ఇప్పుడే ఫోన్లో వేసుకోండి. పనిలో ఉన్నవాళ్లు ఈ రాత్రే పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి, పోయిన నెల డబ్బు పడిందో లేదో చూసి, దాన్ని ఒక ఫొటో తీసి ఇంట్లో ఇంకొకరికి పంపి ఉంచండి.